ఖేడ్‌లో పాత బండి బేరం

పత్తి ఏరుడు మొదలైందంటే మా నారాయణఖేడ్‌లో రెండే ముచ్చట్లు. క్వింటాలు ఎంత పలికింది, బండి ఎవరిది దొరుకుతుంది. మొదటిది ఎట్లాగూ మన చేతిలో లేదు గనక అందరూ రెండోదాని మీద పడతారు. మా మేనల్లుడూ పడ్డాడు. వాడికి 2013 మోడల్ పికప్ ఒకటుంది. అది వదిలించుకుని ఇంకాస్త కొత్తది, అంటే ఒకరు వాడిందే గాని ఈ మధ్యది, కొనాలని వాడి ఆలోచన.

"మామా, షోరూం బండి కొనే తాహతు నాకు లేదు. ఇదేమో రోడ్డు మీద కన్నా షెడ్డులనే ఎక్కువ ఉంటుంది. ఏం చెయ్యమంటవు?" అన్నాడు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట ఎత్తే ఉంటారు. కాబట్టి వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. చాయ్ పెట్టుకుని కూర్చోండి, తొందరేం లేదు.

నేను బండి సంగతి ఎత్తలేదు. ఏడాదిలో ఎన్ని నెలలు నీకు లోడు దొరుకుతుందిరా అని అడిగాను. వేళ్ల మీద లెక్క పెట్టించాను. ఆగస్టు చివర్లో పెసర, మినుముతో మొదలు. దాని వెనక సోయా. దసరా నుంచి పత్తి. సంక్రాంతికి అటూ ఇటూ కంది, తర్వాత శనగ. నల్లవాగు కింద మళ్లున్న వాళ్లకు వడ్లు. మధ్యలో వినాయక చవితి విగ్రహాలు, పెళ్లిళ్లకు టెంట్‌హౌస్ సామాను, డీజే పెట్టెలు. ఏప్రిల్ దాకా వేళ్లు చకచకా కదిలాయి. ఆ పైన తడబడ్డాయి. ఎరువుల బస్తాలు, విత్తనాలు తిరుగుతాయి గాని అవి డీజిలుకూ డ్రైవరుకూ సరిపోతే గొప్ప. కిస్తీ మాత్రం జూన్‌లోనూ వస్తుంది, జూలైలోనూ వస్తుంది.

పాత బండివాడు రిపేరు బిల్లులు మాత్రమే గుర్తుపెట్టుకుంటాడు, షెడ్డులో ఉన్నన్నాళ్లూ పోయిన కిరాయి లెక్కలో రాయడు. కొత్త బండి మీద మోజు పడ్డవాడు వచ్చే కిరాయి రాస్తాడు, ఖాళీ నెలల కిస్తీ రాయడు. ఇద్దరి కాగితాలూ ఒక్క చోట పెట్టి చూస్తే తప్ప బేరానికి పోకూడదని నా పట్టు.

ఇంకోటి, ఎంత బండి? మనోళ్లు పెద్దదే మేలంటారు. పత్తికి బరువు తక్కువ, చోటు ఎక్కువ. జాలీ కట్టి ఎంత పైకి నింపినా బండి బరువుతో కుంగదు. కందులు అట్లా కాదు. యాభై కిలోల బస్తాలు లెక్కేస్తే టన్నూ మూడొందల కిలోల బండికి ఇరవై ఆరు బస్తాలు, టన్నూ ఏడొందల దానికి ముప్పై నాలుగు. టాటా ఏస్ లాంటి ముప్పావు టన్ను బండికి పదిహేనే. నిజాంపేట దగ్గర నాందేడ్ హైవే ఎక్కి బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు తోలేవాడికి పెద్దది కావాలి. తండాల నుంచి ఖేడ్ మార్కెట్‌కు తిరిగేవాడికి చిన్నదైనా చాలు.

ఇక్కడ ఒక పక్క ముచ్చట. ఈ చిన్న ట్రక్కుల కథలో మన జహీరాబాద్‌కు పాత చోటే ఉంది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ 1980లలో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లోనే చిన్న ట్రక్కులు తయారు చేయించింది. ఆ ఫ్యాక్టరీని తర్వాత మహీంద్రా తీసుకుంది. ఇప్పుడక్కడ ట్రాక్టర్లు చేస్తున్నారు. అదే నిస్సాన్ మళ్లీ అశోక్ లేలాండ్‌తో చేతులు కలిపి 2011లో దోస్త్‌ను తెచ్చింది. టాటా ఏస్ అయితే అంతకు ముందే, 2005లో దిగింది. ఇవన్నీ వచ్చాకే ఊళ్లలో రైతు ట్రాక్టరు ట్రాలీ కోసం ఎదురుచూడ్డం తగ్గింది. సరే, అసలు సంగతికొస్తాను.

ఏ సంవత్సరం బండి? ఇదే అసలు చిక్కు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 4 బండ్లే అమ్మాలన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6. మా వాడికి బీఎస్ 6 మీద మనసు. నాకేమో దాని మీద అనుమానం. ఇంజన్ మంచిదే. కాకపోతే చాలా బీఎస్ 6 డీజిల్ బండ్లకు పొగ గొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఒకటుంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కి చాలాసేపు ఏకబిగిన నడవాలి. హైవే మీద హైదరాబాద్ పోయొచ్చేవాడికి ఏ బాధా లేదు. పొద్దున తండాకు, అక్కణ్ణుంచి మార్కెట్‌కు, ఆపి, మళ్లీ స్టార్టు చేసి, నాలుగు కిలోమీటర్లు పోయి మళ్లీ ఆపే బండికి ఆ మసి కాలదు. మీటరు మీద లైటు వెలుగుతుంది, ఇంజన్ లాగడం మానేస్తుంది. అప్పుడు పానా పట్టుకున్న మెకానిక్ సరిపోడు, స్కానరున్న షెడ్డు కావాలి. పత్తి లోడు మీదుండగా అట్లా నిలబడితే ఆ రోజు పోయినట్టే. ఆ జల్లెడను కోసి పారేసి పైపు అతికించిన బండ్లూ అమ్మకానికి వస్తుంటాయి, వాటి జోలికి పోవద్దు.

అందుకని తండాల్లో తిరిగేవాడికి 2018, 2019 బీఎస్ 4 బండి నయమంటాను. దానికీ ఒక మెలిక ఉంది. సరుకు రవాణా బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి, ఆ పైన ఏటేటా. 2019 బండికి 2027లో ఎనిమిదేళ్లు నిండుతాయి. ఏటా పాసింగ్ అంటే ఏటా ఖర్చు, రెండు మూడు రోజుల కిరాయి పోవడం. ధర మాట్లాడేటప్పుడు ఇది అడగండి. ఇంకా, అమ్మేవాడు చెప్పే మోడల్ నమ్మకండి. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం వేరుగా ఉంటుంది, అది చూడండి.

ధర అన్నాను గనక చెప్తున్నా. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంటే కంపెనీ పన్ను తగ్గింపంతా ఇస్తే, పన్నుతో కలిపి వంద రూపాయలున్నది తొంభై రెండుకొచ్చింది. కొత్తది దిగితే పాతదీ దిగాలి కదా! అమ్మేవాడేమో 2021 బిల్లు తీసి ముందర పెడతాడు. ఆ బిల్లు పక్కకు జరిపి, ఇవాళ షోరూంలో ఎంతో కనుక్కుని అక్కణ్ణుంచి కిందికి దిగుతూ రండి.

ఇక వడ్డీ. "తొమ్మిది శాతమే సార్, ఫ్లాట్" అంటారు. అయిదు లక్షలు నాలుగేళ్లకు తీసుకున్నారనుకోండి. ఫ్లాట్ అంటే తీరిపోయిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. వడ్డీ లక్షా ఎనభై వేలు, నెలకు కిస్తీ పద్నాలుగు వేల పైచిలుకు. మిగిలిన అసలు మీదే వడ్డీ కట్టే పద్ధతిలో చూస్తే ఇది ఇంచుమించు పదహారు శాతం. నేను కాగితం మీద చూపించేదాకా మా వాడు నమ్మలేదు. "తొమ్మిదెక్కడ, పదహారెక్కడ మామా!" అని నోరు తెరిచాడు.

బీదర్ దగ్గర గనక కేఏ 38 నంబరు బండ్లు చవగ్గా ఉన్నాయని చాలామంది అటు పోతారు. పోవచ్చు. కాని అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ ట్యాక్సు కట్టాలి, నంబరు మార్పించుకోవాలి. వేరే రాష్ట్రం బండిని ఏడాది దాటి ఇక్కడే ఉంచుకుంటే కొత్త నంబరు తప్పదు. ఇవన్నీ కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో చూసుకోండి. ఫైనాన్సు తీరిపోయిందని నోటితో చెప్తే ఒప్పుకోవద్దు. ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన ఎన్‌వోసీ, సంతకం చేసిన ఫారం 35 చేతికి రావాలి.

అమ్మే బండి సంగతి మరిచిపోతారు మనోళ్లు. మా వాడు తన 2013 బండి ఎవరికో ఇచ్చేసి, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అయిపోయిందనుకుంటున్నాడు. కాలేదు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఆర్టీఓ రికార్డులో ఎవరి పేరుందో వాళ్లే యజమాని. చేతులు మారిన బండి ఎక్కడో ఎవరినో గుద్దితే పరిహారం కేసు పాత యజమాని ఇంటికే వస్తుంది. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి, పేరు మారిందని యాప్‌లో కళ్లతో చూసేదాకా నిద్రపోవద్దన్నాను.

ఇప్పుడు బండి చూసే ముచ్చట. నాకు ఇష్టమైన భాగం ఇదే.

చెప్పిన టైముకన్నా ముందే పోండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే మీరు రాకముందే స్టార్టు చేసి పెట్టాడన్న మాట. చల్లారిన ఇంజన్ ఎన్ని సెల్ఫ్‌లకు అందుకుంటుందో అదే దాని ఆరోగ్యం. నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పున తోసుకొస్తోందా చూడండి, వస్తే ఇంజన్ పని దగ్గర పడింది. తర్వాత పాత గోనె పరుచుకుని కిందికి దూరండి. సిగ్గుపడకండి. ఛాసిస్‌కు కొత్తగా నల్లరంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి. కమాన్‌పట్టీలు తగిలే చోట వెల్డింగు మచ్చలు వెతకండి. కంపెనీ ఇచ్చిన పట్టీల మీద అదనంగా వేయించారంటే ఆ బండి తాహతుకు మించి మోసింది. మంజీర ఇసుక తోలిన బండైతే డాలా కింద, ప్లాట్‌ఫారం మూలల్లో తుప్పు చెప్పేస్తుంది. తడి ఇసుక బరువూ ఎక్కువే, నీళ్లూ కారుతూనే ఉంటాయి. మీటరు తిప్పెయ్యొచ్చు గాని అరిగిన క్లచ్ పెడల్ రబ్బరును ఎవడూ పట్టించుకోడు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3221 అంటే 2021లో ముప్పై రెండో వారంలో తయారైందని అర్థం.

ఇవన్నీ చూశాక కూడా నేను నమ్మేది ఒక్కణ్ణే, ఆ బండి నడిపిన డ్రైవరును. ఓనరును అడిగితే బండి బంగారమంటాడు. డ్రైవరును హోటల్‌కు తీసుకుపోయి చాయ్ ఇప్పిస్తే ఏ గేరు జారుతుందో, ఏ చడావు మీద వేడెక్కుతుందో అన్నీ చెప్తాడు.

డ్రైవరంటే గుర్తొచ్చింది. కారు లైసెన్సుతో పికప్ నడపొచ్చా అని మా వాడి తమ్ముడి సందేహం. మొత్తం బరువు ఏడున్నర టన్నుల లోపు రవాణా బండికి ఎల్ఎంవీ లైసెన్సు చాలునని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది విని వాడు ఎగిరి గంతేసి, "అయితే జాతరకు మనోళ్లందర్నీ ఎక్కించుకు పోదాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. 2022 మేలో మనకు అంత దూరమేం కాని నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి దగ్గర జనాన్ని ఎక్కించుకున్న టాటా ఏస్, లారీ ఢీకొని తొమ్మిది మంది పోయారు. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు ఇన్సూరెన్సు వర్తించదు కూడా. ఎంత కొత్త బండైనా ఈ విషయంలో పాతదాని కన్నా గొప్పేం కాదు.

చివరికి మా వాడు మూడు బండ్ల దగ్గర ఆగాడు. హైదరాబాద్ యార్డులో సీజింగ్‌కు వచ్చిన 2021 బీఎస్ 6, బీదర్‌లో 2018ది, సంగారెడ్డిలో టీఎస్ 15 నంబరుతో 2019ది. వాడికి మొదటిదాని రంగు నచ్చింది. నా ఓటు సంగారెడ్డి బండికి. కాగితాలు మన జిల్లావే, ఆ డ్రైవరు కూడా దొరికాడు. మా అక్క ఓటు మాత్రం మూడింటికీ కాదు. ఉన్న బండికే ఇంజన్ పని చేయిస్తే కిస్తీ బాధ ఉండదు కదా అంటుంది. ఆ లెక్క తీసి పారేసేదేం కాదు, ఏటా లోడు నాలుగైదు నెలలే దొరికేవాడికైతే నేనూ అదే చెప్పేవాణ్ణి.

శుక్రవారం మెకానిక్‌ను వెంటబెట్టుకుని సంగారెడ్డి పోతున్నాం. బయానా పైసలు అక్క దగ్గరే ఉన్నాయి, ఇంకా ఇవ్వలేదు.