ఇంటి ఐక్యూ పరీక్షకు ఆడిట్ ఎవరు చేస్తారు?

జాతకం చూపించుకోవడం మూఢనమ్మకమని గట్టిగా వాదించే మిత్రుల్లోనే కొందరు, ఫోనులో ఇరవై నిమిషాలు బొమ్మల ప్రశ్నలకు జవాబులు నొక్కి, చివర వచ్చిన ఐక్యూ అంకెను మారుమాట లేకుండా నమ్మడం చూస్తున్నాను. అందులో గ్రహాలు లేవు, అంకెలు ఉన్నాయి, కాబట్టి సైన్సేనని వారి ఉద్దేశం. అంకె ఉంటే సైన్సు అయిపోతుందా?

నేను మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి కాను. బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఒక అంకె కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగడమే ఇన్నేళ్లూ నా పని. ఐక్యూనూ అదే అడిగాను.

మొదట, ఈ అంకెకు అర్థమేమిటి? 1912లో జర్మన్ శాస్త్రవేత్త విలియం స్టెర్న్, మానసిక వయసును అసలు వయసుతో భాగించే పద్ధతి సూచించాడు. ఇప్పుడు ఆ లెక్క వాడరు. 1939లో డేవిడ్ వెక్స్లర్ తెచ్చిన పద్ధతిలో, అదే వయసు వారి సగటును 100గా తీసుకుంటారు. 130 వచ్చిందంటే వందమందిలో దాదాపు ఇద్దరే అంతకన్నా పైన ఉన్నారని అర్థం. అంటే ఐక్యూ కిలోల వంటి కొలత కాదు, వరుసలో స్థానం. వరుసలో స్థానం చెప్పేవాడు ఆ వరుసలో ఎవరెవరు నిలబడ్డారో కూడా చెప్పాలి.

అసలైన పరీక్షలను విడుదలకు ముందే, వయసువారీగా ఎంచుకున్న పెద్ద సమూహానికి ఒకే పద్ధతిలో పెట్టి ప్రమాణాలు తయారుచేస్తారు. ఒక దేశపు ప్రమాణం మరో దేశానికి సరిపోదు కాబట్టే మన దేశంలో సి.ఎం. భాటియా 1955లో భారతీయ పరిస్థితులకు తగిన పరీక్షలు ప్రచురించారు. వెక్స్లర్ పిల్లల పరీక్షను నాగపూర్‌లో మాలిన్ మన పిల్లల కోసం మార్చారు. ప్రమాణాలు పాతబడతాయి కూడా. అమెరికాలో మార్కులు పదేళ్లకు సుమారు 3 పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చాయని 1984లో జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. మరి ఫోను పరీక్ష మన పిల్లవాణ్ణి ఎవరితో పోలుస్తోంది? నేను చూసిన వాటిలో ఒక్కటీ ఆ సంగతి చెప్పలేదు.

రెండో ప్రశ్న, పక్కన ఎవరున్నారు? స్టోర్‌కీపరే లెడ్జరు రాసి, సరుకూ తానే లెక్కపెట్టి, అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెడితే మేము ఒప్పుకునేవాళ్లం కాదు. ఇంకొకరు వచ్చి లెక్కపెట్టాలి. పైనున్న రెండు శాతం మందినే చేర్చుకునే మెన్సా సంస్థ కూడా, పర్యవేక్షణ లేకుండా రాసిన అభ్యాస పరీక్ష మార్కును సభ్యత్వానికి ఒప్పుకోదు.

మూడోది, తప్పు ఎంత ఉండవచ్చు? ఇది చిన్న లెక్క. పరీక్ష విశ్వసనీయత 0.96 అయితే ప్రామాణిక దోషం 3 పాయింట్లు. 110 వచ్చిన మనిషి అసలు స్థాయి 104కూ 116కూ మధ్య ఉండవచ్చనుకోవాలి. విశ్వసనీయత 0.75 అయితే దోషం 7.5 అవుతుంది. అదే 110 ఇప్పుడు 95 నుంచి 125 వరకూ ఏదైనా కావచ్చు. నిపుణుల నివేదికలో ఈ హద్దులు రాస్తారు. ఫోను ఒకే అంకె చూపించి ఊరుకుంటుంది.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, కిందటేడు తొమ్మిదేళ్ల మా మనవరాలికి ఇలాంటి పరీక్షలో 86 వచ్చింది. పరీక్ష ఇంగ్లీషులో ఉంది. పక్కన తమ్ముడు ఫోను లాక్కుంటున్నాడు. ఆ తర్వాత లెక్కల పుస్తకం తీసినప్పుడల్లా, ప్రయత్నించకుండానే "ఇవి నాకు రావులే తాతయ్యా, నాకు బుర్ర తక్కువట కదా" అనడం మొదలుపెట్టింది. అంకె కింద కంపెనీవారి మెదడు శిక్షణ కోర్సు ప్రకటన ఉంది. కోడలు డబ్బు కట్టడానికి సిద్ధపడింది.

"రెండు రోజులు ఆగమ్మా" అని చెప్పి ఆ పరీక్ష నేనే తీసుకున్నాను. మొదటిసారి ప్రశ్నలు చదవకుండా అన్నిటికీ రెండో జవాబే నొక్కాను. 97 వచ్చింది! రెండోసారి బుద్ధిగా చేస్తే 109. మర్నాడు అవే ప్రశ్నలు మళ్లీ వచ్చాయి, 126 అయింది. ఒక్క రాత్రిలో నా తెలివి 17 పాయింట్లు పెరిగిందని నేను నమ్మాలి. ఖాళీ వోచరు కూడా పాసవుతున్న చోట మిగతా వోచర్లను ఏం నమ్ముతాం? మూడు అంకెలూ కాగితం మీద రాసి కోడలికి చూపించాను. డబ్బు కట్టలేదు. మనవరాలికీ చూపించాను. "చదవకుండా నొక్కితే నాకంటే ఎక్కువొచ్చిందా?" అని చాలాసేపు నవ్వింది. లెక్కల భయం మాత్రం నవ్వినంత తేలిగ్గా పోలేదు, నెలలు పట్టింది.

ఇంట్లో రాసే పరీక్షలన్నీ మోసమని నా వాదన కాదు. 2014లో కాండన్, రెవెల్ అనే పరిశోధకులు పరిశోధనల కోసం ఇలాంటి ప్రశ్నలను తయారుచేసి, వాటి విశ్వసనీయతతో సహా ప్రచురించారు. వేలమంది సగటు తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి. ఒక పిల్ల భవిష్యత్తు తేల్చడానికి కాదు. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ మొదటి పరీక్ష తయారుచేసింది కూడా బడిలో సాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికే. తెలివి పుట్టుకతో స్థిరపడిపోయి ఇక పెరగదన్న మాటను బినే ఖండించాడు.

పిల్లల చదువు గురించి నిజంగా సందేహం ఉంటే, శిక్షణ పొందిన సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. పరీక్ష ఏ భాషలో ఉందో, దాని ప్రమాణాలు ఏ సంవత్సరానివో, దోషం ఎంతో అడగండి. ఫోను పరీక్షే చేయాలనుకుంటే, పిల్లల చేతికి ఇచ్చే ముందు మీరొకసారి కళ్లు మూసుకుని అన్నిటికీ ఒకే జవాబు నొక్కి చూడండి. ఎంత వచ్చిందో చూశాక, నమ్మాలో వద్దో మీరే తేల్చుకోండి.