స్కూటీ సాధువైన బండేనా?

ఏ బండి కొనాలి అక్కా అని ఈ మధ్య ముగ్గురు చెల్లెళ్ళు అడిగారు. విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి.

విశాఖపట్నంలో చదువు అయ్యాక నాకు పాడేరు వైపే ఉద్యోగం వచ్చింది. మా తమ్ముణ్ణి తీసుకుని షోరూంకి వెళ్ళా. బైకుల దగ్గర నిలబడితే సేల్స్ అబ్బాయి "మేడమ్, లేడీస్‌వి ఇటు" అన్నాడు. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్ట్, సీటు కింద సంచి పడుతుంది, చీర కట్టుకున్నా ఇబ్బంది లేదు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మీ ఊరికి రోడ్డు ఎలా ఉంటుంది అని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఈ మాట ఇవాళ్టిది కాదు. 1946లో ఇటలీలో వెస్పా తయారుచేసిన ఇంజినీరు డాస్కానియోకి మోటార్ సైకిల్ అంటేనే గిట్టదట. అందుకే ఇంజిన్ కప్పేశాడు, బట్టలకి మురికి అంటకుండా ముందు రేకు పెట్టాడు, కాలు ఎత్తకుండా ఎక్కేలా చేశాడు. మన దేశంలో 1980ల్లో కైనెటిక్ హోండా గేర్లు కూడా తీసేసింది. తర్వాత స్కూటీ వచ్చింది. ఎంతగా పాకిందంటే మనం ఏ కంపెనీ స్కూటర్నైనా స్కూటీ అనే అంటాం. మగపిల్లలకే సరదా ఎందుకు అని అడుగుతూ ప్లెజర్ ప్రకటనలూ వచ్చాయి. అమ్మాయిలు బయట తిరగడానికి ఇవి నిజంగా పనికొచ్చాయి, కాదనను. కానీ ఆ ప్రకటనల్లో ఎప్పుడైనా ఘాటీ చూశారా?

మా ఊరి నుంచి మెయిన్ రోడ్డుకి దిగుడు. వానాకాలం. కాళ్ళ దగ్గర మిరియాల సంచి. రెండు బ్రేకులూ పట్టుకునే దిగుతున్నా. సగం దూరం వచ్చేసరికి ఎంత నొక్కినా బండి ఆగట్లేదు, కాలిన వాసన. మలుపులో గట్టుకి కొట్టుకున్నా. మోచెయ్యి విరిగింది. అవతలి వైపు పడి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు.

మెకానిక్ బావ చెప్పాడు: గేర్ల బండిని ఫస్ట్‌లోనో సెకండ్‌లోనో వేస్తే దిగుడులో ఇంజినే వెనక్కి పట్టి ఉంచుతుంది. స్కూటర్లో ఆ పట్టు తక్కువ, బాగా నెమ్మదిస్తే క్లచ్ దానంతటదే వదిలేస్తుంది. ఇక భారమంతా బ్రేకుల మీదే, అవి వేడెక్కితే పట్టవు. పైగా నా బండి చక్రాలు 10 అంగుళాలవి, తమ్ముడి బైకువి 18. గుంతలో తేడా తెలుస్తుంది.

సిటీలో సాధువైన బండి మన కొండ మీద అలా ఉండదు. మగాళ్ళ బండి అని నన్ను పక్కకి తప్పించారు చూడండి, ఆ 100 సీసీ బైకే మాకు సాధువు. (తమ్ముళ్ళూ, మీకు అదే బైకుని సినిమా హీరోలా నడపమని అమ్మారు. అదీ నమ్మకండి.)

ఆ స్కూటర్ని గాజువాకలో ఉండే మా చిన్నాన్న కూతురికి ఇచ్చేశా. అక్కడ హాయిగా నడుస్తోంది. నేను సెకండ్ హ్యాండ్ బైకు కొన్నా. మొదట్లో ఊళ్ళో "మగరాయుడు" అని నవ్వారు. ఇప్పుడు సంతకి వెళ్ళాలంటే ఆ నవ్వినవాళ్ళే వెనక ఎక్కుతున్నారు.

నేర్చుకుంటామంటే ఆదివారం మా ఊరి స్కూలు గ్రౌండ్‌కి రండి. హెల్మెట్ తెచ్చుకోండి. క్లచ్ కేబుల్ ఇప్పటికే ఒకటి తెంపారు, ఇంకోటి కొని ఉంచా.