సూది తర్వాత బువ్వ

ఫిబ్రవరి వచ్చిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల కల్లాల నిండా పసుపే. ఉడికించిన కాడి, గోళ ఆరబోసి ఉంటాయి. ఆ రోజుల్లో మా ఆసుపత్రికి వచ్చే వాళ్ల చేతులు చూస్తే చాలు, ఏ పని మధ్యలోంచి లేచి వచ్చారో తెలిసిపోయేది.

అలాంటి చేతులతోనే ఒక పొద్దున ఒకామెను ఆటోలో తెచ్చారు. యాభై ఏళ్లుంటాయి. చెమటకు చీర తడిసి ముద్దయింది. పిలిస్తే పలకడం లేదు. "గాలి సోకింది సిస్టరమ్మా" అన్నాడు వెంట వచ్చిన తమ్ముడు. దారిలో ఎవరో నోట్లో చక్కెర నీళ్లు పోశారని చెబితే నా గుండె ఝల్లుమంది. తెలివిలేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చక్కెర అంటిన వేలి మీద పరీక్ష చేస్తే మీటరు తప్పు చూపిస్తుంది కనుక ముందు ఆమె వేలు కడిగాను. తుడిచిన దూది పసుప్పచ్చగా మారింది. చుక్క రక్తం తీసి చూస్తే షుగర్ 34. డెబ్బైకి దిగితేనే తక్కువ అంటాం మేము. డాక్టరుగారు చెప్పగానే 25 శాతం డెక్స్ట్రోజ్ నరంలోకి ఎక్కించాం. కొన్ని నిమిషాలకు కళ్లు తెరిచింది.

"బాయిలర్ కాడ ఎవలున్నరు?" అదీ ఆమె మొదటి మాట.

పసుపు ఉడకబెట్టే బాయిలర్ తమ వంతుకు తెల్లారకముందే వచ్చిందట. షుగర్‌కి వాడే ఇన్సులిన్ సూది వేసుకుని, బువ్వ తర్వాత తిందామని పరుగెత్తింది. ఆ సూది వేసుకోవడం నేర్పింది నేనే. ఎన్ని యూనిట్లో, పొట్ట మీద చోటు ఎలా మార్చాలో, సీసా ఎలా దొర్లించాలో అన్నీ చూపించాను. నీ పని ఎన్ని గంటలకు మొదలవుతుంది, బువ్వ ఎప్పుడు తింటావు అని మాత్రం అడగలేదు. ఆ తప్పు నాది. ఇన్నేళ్లయినా మరిచిపోలేదు.

ఇంటికి పంపే ముందు ఆమె "ఈ సూది నాకొద్దు" అని మొండికేసింది. అప్పుడు పక్కన కూర్చుని, 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఇన్సులిన్ ఇచ్చిన సంగతి చెప్పాను. "బతికిండా?" అంది. ఇంకో పదమూడేళ్లు బతికాడని చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఫ్రిజ్ లేదు, యాడ పెట్టాలె?" అని అడిగింది. మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత పెట్టి, సీసాను ముంతలో దాచుకోమన్నాను. మా దగ్గర మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. గూట్లో పెట్టిన ఇన్సులిన్ చెడిపోతుంది.

అదే ఆసుపత్రిలో చూసిన ఒక యువకుడు కూడా గుర్తొస్తాడు. తాగుడు వల్ల క్లోమం వాచి, నొప్పి వీపుకు పాకి, దిండును కడుపుకు అదుముకుని ముందుకు వంగి కూర్చునేవాడు. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ ఎక్కిస్తూ, గంటగంటకూ మూత్రం కొలిచి రాశాం. "గుక్కెడు నీళ్లియ్యు బిడ్డా" అని వాళ్లమ్మ బతిమాలుతుంటే తడి గుడ్డతో పెదాలు అద్దడం తప్ప ఏం చేయలేకపోయాను. కోలుకున్నాక కూడా తాగుడు మానలేదు. రెండేళ్లకు షుగర్‌తో తిరిగొచ్చాడు. ఇలాంటి వాళ్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. క్లోమం పాడైతే ఇన్సులిన్‌తో పాటు, పడిపోయిన షుగర్‌ను పైకి లేపే గ్లూకగాన్ కూడా తగ్గిపోతుంది. షుగర్ ఒకసారి పడిందంటే దానంతటది లేవడం కష్టం. అరుగుదల కోసం ఇచ్చే ఎంజైమ్ గోళీలను కూడా అన్నంతో పాటే వేసుకోవాలి, పరగడుపున వేసుకుంటే పని చేయవు. అతనికి ఇవన్నీ చెప్పే ముందు రోజూ ఏం తింటాడో, ఎప్పుడు తింటాడో అడిగి రాసుకున్నాను.

మీ ఇంట్లో ఇన్సులిన్ తీసుకునే వాళ్లుంటే, చీకటితో పనికి బయల్దేరేటప్పుడు బువ్వ తిన్నారా అని అడగండి. కొంగుకో జేబులోకో మూడు చెంచాల చక్కెర పొట్లం కట్టివ్వండి. వణుకు, చెమట మొదలైతే తినిపించండి. తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.