ష్నీబెర్గ్‌లో ఒక ఎర్రని స్ఫటికం

జర్మనీలోని సాక్సనీలో, చెక్ సరిహద్దుకు చేరువగా ఎర్జ్‌గెబిర్గె కొండలున్నవి. లోహ ఖనిజాల కొండలని ఆ పేరుకు అర్థం. అందలి ష్నీబెర్గ్ పట్టణాన్ని చూచే అవకాశం నాకు లభించింది. పదిహేనవ శతాబ్దంలో వెండి కోసం వెలసిన ఊరిది. వెండి తరిగిన పిమ్మట కోబాల్టు, బిస్మతు దానిని పోషించినవి.

నేను చూడగోరినది పుఖెరైట్. ఇక్కడి పుఖర్ అనే గని బావిలో లభించినందున 1871లో ఫ్రెంజెల్ దానికి ఆ పేరు పెట్టాడు. అది బిస్మతు, వెనేడియం, ఆక్సిజన్‌ల సమ్మేళనం. ఖనిజాలు సేకరించే మిత్రుడొకరు భూతద్దమిచ్చి ఒక రాతిముక్కను చూపినారు. ఆవగింజంతైనా లేని స్ఫటికాలు, ఎరుపు కలిసిన గోధుమవర్ణం, వజ్రపు తళుకు! కాఠిన్యం 4 మాత్రమే, బరువు మాత్రం నీటికి ఆరు రెట్లు పైమాటే. ఆస్ట్రేలియాలో దొరికిన క్లినోబిస్వనైట్‌ది కూడా ఇదే రసాయన సూత్రం. పరమాణువుల అమరిక వేరు కావడంతో అది పసుపు. సీసపు రంగులకు బదులుగా కర్మాగారాలలో నేడు తయారయ్యే పసుపు వర్ణకమూ ఈ సమ్మేళనమే.

గనులలో గాలి ప్రసారం చూచే ఉద్యోగిని గనుక నా ఆలోచన అటు పోయింది. ఈ గని కార్మికులు తరతరాలుగా రొమ్ము జబ్బుతో అకాలమరణం పాలయ్యేవారు. అది ఊపిరితిత్తులలో పెరిగే ప్రాణాంతకమైన కంతి అని 1879లో హార్టింగ్, హెస్సె అనే వైద్యులు వెల్లడించారు. శిలలలోని యురేనియం నుండి పుట్టే రేడాన్ వాయువే కారణమని తరువాతి కాలంలో తేలింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆ యురేనియం కోసమే సోవియట్ అధికారులు ఇక్కడ పెద్దయెత్తున గనులు త్రవ్వించారు. గుట్టు దాచడానికి సంస్థకు పెట్టిన పేరు ‘విస్ముట్’, అనగా బిస్మతు.