డబ్బా కొనాలా, పుర్జాలు జోడించాలా?

మన ఇళ్లలో కంప్యూటర్ కొనడమంటే రిష్తా చూసినట్టే. ఇంట్లో ఉన్నవాళ్లు, జిద్దాలో ఉన్నవాళ్లు, పక్కింటి ఖాలా కొడుకు, అందరూ మష్వరా ఇస్తారు. పైసలు మాత్రం ఒక్క జేబులోంచే పోవాలి. మా ఇంట్లో ఈ బహస్ దాదాపు రెండు నెలలు నడిచింది. ఇదే ఫికర్‌లో ఉన్న ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయని తెలుసు కనుక, హిసాబుతో సహా రాస్తున్నా.

మా పాత డెస్క్‌టాప్ పదేళ్లు ఖిద్మత్ చేసింది. ఇంటెల్ నాలుగో తరం ఐ3. నా వార్తలూ వ్యాసాలూ, పిల్లల ప్రాజెక్టులూ, మొహల్లా మసీదు చందా రసీదుల నమూనా దాకా అన్నీ దాని మీదే అయ్యాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపైన ప్రాసెసర్ ఉండాలి. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా ఉండాలి. మా ముసలిదానికి రెండూ లేవు. అడ్డదారిలో ఎక్కిస్తామన్నవాళ్లు ఉన్నారు. బ్యాంకు పని, ఆఫీసు మెయిల్ అందులోనే చేసేదాన్ని, నాకు ఆ దారి నచ్చలేదు.

చిట్టీ ఎత్తితే చేతికి ముప్పై అయిదు వేలు వచ్చాయి. అంతే బడ్జెట్. ఈఎంఐ మాట ఇంట్లో ఎత్తం. ‘నో కాస్ట్’ అని రాసిన దాని రసీదు కూడా ఒకసారి జాగ్రత్తగా చదవండి. వడ్డీ ఒక వరుసలో ఉంటుంది, అంతే రియాయతీ ఇంకో వరుసలో ఉంటుంది. పేరు మారింది గానీ సూద్ ఎక్కడికీ పోలేదు.

అసలు జరూరత్ నాకంటే మా అమ్మాయిది. 2020లో స్కూళ్లు మూసినప్పుడు మా ఇంట్లో ఒకే ఫోన్ మీద ఇద్దరు పిల్లలు చదివారు. పొద్దున అక్క క్లాసు, మధ్యాహ్నం తమ్ముడి క్లాసు, మధ్యలో నా ఆఫీసు కాల్. ఇప్పుడామె పాలిటెక్నిక్ రెండో ఏడాది, ఎలక్ట్రానిక్స్. సర్క్యూట్ సిమ్యులేషన్ ఫోన్‌లో నడవదు. కాలేజీ ల్యాబ్‌లో దొరికేది వారానికి కొన్ని గంటలే, అదీ ఒక సిస్టమ్‌కి ముగ్గురు.

జిద్దాలో ఉన్న మా దేవర్ సంగతి వినగానే ఫోన్ చేశాడు. “భాభీ, ఇంకా ఆ పెద్ద పెట్టె ఎందుకు? మినీ పీసీ అని వస్తోంది, నేను వచ్చేటప్పుడు తెస్తా” అన్నాడు. ఫొటో పంపాడు. మా నానీ పాన్‌దాన్ కంటే చిన్నది. మానిటర్ వెనక స్క్రూలతో బిగిస్తే కనబడను కూడా కనబడదు. మా సాస్‌కి చాలా నచ్చింది. “బనీ బనాయీ చీజ్ హై, లే లో” అని ఫైసలా చెప్పేశారు.

అమ్మాయి మాత్రం తల అడ్డంగా ఊపింది. “డబ్బా నక్కో అమ్మీ. పుర్జాలు తెచ్చివ్వు, నేనే జోడిస్తా.”

ముందు డబ్బా సంగతి ఇన్సాఫ్‌గా చెప్పాలి. ఈ చిన్న సైజు కంప్యూటర్లకి పేరు తెచ్చింది ఇంటెల్ వాళ్ల ఎన్‌యూసీ. 2023లో ఇంటెల్ ఆ పని వదిలేసి ఏసుస్‌కి అప్పగించింది. ఈ లోపు చైనా కంపెనీలు బజారు నింపేశాయి. సస్తా వాటిలో ఎక్కువగా ఉండేది 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్. నాలుగు కోర్లు, లెక్క ప్రకారం ఆరు వాట్లు. మాకు చెప్పిన ధరలు పదిహేను నుంచి ఇరవై వేల మధ్య. టైపింగ్, బ్రౌజింగ్, వీడియో క్లాసులు, దుకాణం బిల్లింగ్, ఇవన్నీ హాయిగా చేస్తుంది. మా దోస్త్ ఒకామె ట్యూషన్ సెంటర్‌లో దాన్ని గంటసేపు వాడి చూశా. నా పనికి ఎక్కడా తడబడలేదు.

ఐబులు కూడా ఉన్నాయి. ఎన్100కి మెమరీ చానల్ ఒక్కటే, చాలా డబ్బాల్లో ర్యామ్ స్లాట్ కూడా ఒక్కటే. కొన్నింటిలో ర్యామ్‌ని బోర్డు మీదే సోల్డర్ చేసేస్తారు, తర్వాత పెంచే గుంజాయిష్ ఉండదు. లోపలి ఎస్‌ఎస్‌డీ ఏ కంపెనీదో పైన రాసి ఉండదు. మదర్‌బోర్డు పోతే మొత్తం డబ్బా పోయినట్టే, ఎందుకంటే ప్రాసెసర్ దానికే అతుక్కుని ఉంటుంది. 2024లో ఒక కంపెనీ మినీ పీసీల్లో ఫ్యాక్టరీ నుంచే స్పైవేర్ వచ్చిందని బయటపడింది కూడా. కనుక ఏది కొన్నా ముందు విండోస్ తుడిచేసి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దింపుకుని మళ్లీ వేసుకోవాలి. సౌదీలో కొన్న దానికి వారంటీ మామూలుగా అక్కడే. పాడైతే మళ్లీ ఎవరో హాజీ సాబ్ సామానులో పంపాలి.

కరెంటు బిల్లు దలీల్ కూడా తెచ్చారు. సరే, లెక్క వేశా. మామూలు పనిలో డబ్బాకి పది వాట్లు, డెస్క్‌టాప్‌కి నలభై అనుకుందాం. తేడా ముప్పై. రోజుకి ఎనిమిది గంటలు, నెలంతా నడిపితే ఏడు యూనిట్ల పైచిలుకు. యూనిట్‌కి ఎనిమిది రూపాయలు వేసుకున్నా అరవై దాటదు. ఈ ఒక్క దలీల్ మీద ఫైసలా చేయొద్దు.

మధ్యలో ఇంకో రెండు దారులు ఉన్నాయి. ఒకటి, పెద్ద కంపెనీల ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న డెస్క్‌టాప్‌లు. లెనోవో టైనీ, హెచ్‌పీ మినీ, డెల్ మైక్రో. మజ్‌బూత్ బాడీ, అసలు విండోస్ లైసెన్సు దాంతోనే వస్తుంది, ర్యామ్ మార్చుకోవచ్చు. ఎనిమిదో తరం, ఆపైన అని తేల్చుకుని తీసుకుంటే కొత్త సస్తా డబ్బా కంటే ఇదే నయం అని నా రాయి. రెండోది యాపిల్ మ్యాక్ మినీ. అది మా బడ్జెట్‌కి దూరం. పైసలున్నా నాకు పనికిరాదు. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీ చేసి, రెండు జబాన్ల రొట్టె తింటున్న మనిషిని. ఉర్దూకి ఇన్‌పేజ్, తెలుగుకి అను ఫాంట్లు, రెండూ నేను విండోస్ మీదే వాడేవి.

ఇక పుర్జాల దారి. అక్టోబర్ మొదట్లో అమ్మాయినీ వెంటబెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లా. అందరూ సీటీసీ అనేది దాన్నే. మొదటి దుకాణంలో కుర్రాడు నన్ను చూసి “అసెంబుల్ ఎవరు చేస్తారమ్మా, బాబు రాలేదా?” అన్నాడు. నేను అమ్మాయిని చూపించా. అతను నవ్వి, “ఫిట్టింగ్ చార్జీ అయిదొందలే అమ్మా, మేమే చేసిస్తాం” అన్నాడు. అమ్మాయి ఏం అనలేదు. జేబులోంచి కాగితం తీసి, ఏ బోర్డుకి ఏ ప్రాసెసర్ సరిపోతుందో, ఎస్సెంపీఎస్ ఎన్ని వాట్లదో, ఎస్‌ఎస్‌డీ ఏ రకమో ఒక్కొక్కటే చదివింది. రెండు నిమిషాల తర్వాత అతను నాతో మాట్లాడటం మానేసి ఆమెతోనే మాట్లాడాడు.

ఆమె కాగితంలో ఉన్నది ఏఎండీ రైజెన్ 5 5600జీ. 2021ది, ఆరు కోర్లు, గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది కనుక విడిగా కార్డు అక్కర్లేదు. దాని సాకెట్ ఏఎం4 వచ్చింది 2016లో. పాతదే, కానీ అందుకే బోర్డులు, కూలర్లు, సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్లు గల్లీ గల్లీలో దొరుకుతాయి.

చిట్టీ పైసలు చేతికొచ్చేసరికి డిసెంబర్. ఈ లోపు ర్యామ్ ధరలకి రెక్కలొచ్చాయి. అక్టోబర్‌లో రెండు 8 జీబీ స్టిక్కులకి ఎంత చెప్పారో, డిసెంబర్‌లో ఒక్క దానికే దాదాపు అంత. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ పీల్చేసుకుంటున్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకి ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారమే వదిలేస్తున్నామని ఆ నెలలోనే ఎలాన్ చేసింది. ఎక్కడో అమెరికాలో కట్టే సర్వర్ల అసర్ మా చిట్టీ పైసల మీద పడింది.

మాకిచ్చిన కొటేషన్ ఇది. ప్రాసెసర్ 12,000, బోర్డు 5,500, 8 జీబీ ర్యామ్ ఒక్కటి 4,800, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 4,500, ఎస్సెంపీఎస్ 3,500. మొత్తం 30,300. రెండో స్టిక్కు కలిపితే 35,100, బడ్జెట్‌కి వంద ఎక్కువ. మానిటర్, కీబోర్డు, మౌస్, క్యాబినెట్ పాతవే. విండోస్ లైసెన్సు కూడా పాతదే. అప్పట్లో విడిగా కొన్న రిటైల్ లైసెన్సు కనుక కొత్త బోర్డుకి మార్చుకునే హక్కు ఉంది. కంప్యూటర్‌తో కలిసి వచ్చే ఓఈఎం లైసెన్సుకి ఆ హక్కు ఉండదు. పాత ర్యామ్ డీడీఆర్3, కొత్త బోర్డుకి పట్టదు. పాత ఎస్సెంపీఎస్ పనిచేస్తోంది గానీ పదేళ్లది. అది పోతూ పోతూ కొత్త పుర్జాలని కూడా తీసుకుపోగలదు, కనుక అక్కడ కంజూసీ చేయలేదు.

హిసాబు ఒక్కటే చూస్తే డబ్బానే గెలుస్తుంది. పదిహేను వేలు మిగిలేవి. మా సాస్ ఆ మాటే అడిగారు: “ఆ పైసలతో చిన్నోడి ఫీజు అయిపోతుంది కదా బేటా?” అది హక్కైన సవాల్. నేను ఆ రాత్రంతా దాని మీదే ఆలోచించా.

నన్ను ఒప్పించింది మా గల్లీలో ఇళ్లే. మనవాళ్లు ఇల్లు ఎలా కడతారు? చేతిలో ఉన్నంతలో కింద రెండు గదులు వేసి, స్లాబ్ మీద పిల్లర్ల ఇనుప చువ్వలు అలాగే నిలబెట్టి వదిలేస్తారు. కొడుకు సంపాదనలోకొచ్చాక పైన గది లేస్తుంది. ఒకేసారి ఇంత సొమ్ము ఎన్నడూ చేతికి రాని వాళ్ల హిక్మత్ అది. జోడించిన పీసీ కూడా అలాంటిదే. ఇప్పుడు ఒక స్టిక్కు, ధర దిగాక ఇంకోటి. రెండేళ్లకి పెద్ద ఎస్‌ఎస్‌డీ. ఏ పుర్జా పోతే ఆ పుర్జా మాత్రమే మార్చడం. సూద్ లేని కిస్తు ఇదే. డబ్బాలో ఆ చువ్వలు కోసేసి ఇస్తారు.

ఇంకో మాట. మిగిలే పదిహేను వేలు చిన్నోడి ఫీజుకి వెళ్లడం తప్పేం కాదు. కానీ మన ఇళ్లలో మిగిలిన పైసలు ఎప్పుడూ ఎవరి హిస్సాలోంచి మిగులుతాయో గమనించా. అమ్మాయి చదివేది ఎలక్ట్రానిక్స్. పుర్జాలు చేత్తో పట్టుకోవడం ఆమెకి షౌక్ కాదు, సబక్. సాస్‌కి ఇది నెమ్మదిగా చెప్పా. ఆమె కాసేపు ఊరుకుని, “ఠీక్ హై, లేకిన్ బిల్లు పక్కాగా తీసుకోండి” అన్నారు.

పక్కా బిల్లే తీసుకున్నాం. జీఎస్టీ లేకుండా ఇస్తే తగ్గుతుందని దుకాణదారు అన్నాడు. బిల్లు లేకపోతే ప్రాసెసర్ మీద, ఎస్సెంపీఎస్ మీద ఉన్న ఏళ్ల వారంటీ అడిగే మొహం మనకి ఉండదు.

జుమ్మా రోజు అసర్ తర్వాత దస్తర్‌ఖాన్ పరిచే చోట దుప్పటి పరిచి కూర్చుంది. ముందు ఇనుప గ్రిల్ ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ వదిలించుకుంది. ఈ ప్రాసెసర్ కింద సూదుల్లాంటి పిన్నులు ఉంటాయి. మూలన ఉన్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ గుర్తుతో కలిపి దించింది, బలం వాడలేదు, దాని బరువుకే అది కూర్చుంది. కూలర్‌కి పేస్టు కంపెనీ నుంచే పూసి వచ్చింది. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది గానీ తెర మీద ఏమీ రాలేదు. సాస్ “యా అల్లాహ్” అన్నారు. అమ్మాయి స్విచ్ తీసి, ర్యామ్ మళ్లీ నొక్కింది. ఈసారి టిక్కుమని చప్పుడు వినిపించింది. తెర వెలిగింది. మా చిన్నోడు తన గేమ్ ఎలా నడుస్తుందని అడిగాడు. ఒక్క స్టిక్కుతో గ్రాఫిక్స్ కొంచెం నెమ్మది అని అక్క చెప్పింది. వాడి ఈదీ పైసలు అడిగేసింది కూడా.

ఎవరికి ఏది అని అడిగితే నా తజుర్బా ఇది. అద్దె ఇళ్లు మారుతూ ఉండేవాళ్లకి, దుకాణానికి, ట్యూషన్ సెంటర్‌కి, ఇంట్లో పెద్దవాళ్లు బయాన్‌లు వినడానికి, టైపింగ్ ఒక్కటే పనైన వాళ్లకి చిన్న డబ్బా చాలు, అందులోనూ రీఫర్బిష్డ్ కంపెనీది చూడండి. కొనేముందు మూడు సవాళ్లు అడగండి: ర్యామ్ తీయొచ్చా, విండోస్ లైసెన్సు అసలుదా, పాడైతే ఈ ఊళ్లో ఎవరు చూస్తారు? పాత క్యాబినెట్, మానిటర్ ఉన్నవాళ్లు, పైసలు విడతలుగా వచ్చేవాళ్లు, ఇంట్లో నేర్చుకునే పిల్ల ఉన్నవాళ్లు పుర్జాలవైపు రండి. ఆ పిల్ల కొడుకా, కూతురా అన్నది దుకాణంలోని కుర్రాడికి ఒదిలేయండి, రెండు నిమిషాల్లో అతనికే అర్థమవుతుంది.

మా బోర్డులో ఒక ర్యామ్ స్లాట్ ఇంకా ఖాళీగానే ఉంది. చిన్నోడి ఫీజు కట్టాక, ఇన్షా అల్లాహ్, దాని సంగతి చూస్తాం.