పక్క ట్రంకుపెట్టె వాడు

2004 అక్టోబరు. దసరా సెలవులకు తెనాలిలోని మా హాస్టల్ ఖాళీ అవుతోంది. నా పక్క ట్రంకుపెట్టె వాడు మాత్రం కదల్లేదు. అమ్మానాన్నలు పనులకు హైదరాబాద్ పోయారు, ఇంటికి తాళం. "మా ఊరు రారా" అని బాపట్ల ప్యాసింజర్ ఎక్కించాను. నిడుబ్రోలు దాటగానే చినుకులు మొదలయ్యాయి.

మర్నాడు, కటింగ్‌కని హాస్టల్లో ఇచ్చిన డబ్బులతో ఒక సైకిల్ అద్దెకు తీసుకున్నాం. బాపట్ల నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. సగం దారిలో వాన అందుకుంది. ఎదురుగాలి. చైను రెండుసార్లు ఊడింది. "వెనక్కి పోదామా?" అన్నాను. "నేనింతవరకు సముద్రం చూళ్ళేదురా" అన్నాడు వెనక కూర్చుని. ఇక ఆగలేదు.

ఆకాశం, సముద్రం ఒకే రంగులో ఉన్నాయి. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అమ్మకు చూపించాలి" అన్నాడు.

తడిసి ఇంటికొస్తే మా అమ్మ ముందు వాడి తలే తుడిచింది. వాడి కళ్ళు తడిశాయి. అడిగితే వాననీళ్ళన్నాడు.

సెలవులయ్యాక మా జుట్టు చూసి వార్డెన్ గారు బాగా చీవాట్లు పెట్టారు. ఇద్దరం తల వంచుకుని నవ్వుకున్నాం.

తమ్ముళ్ళూ! ఈసారి సెలవులకు మీ పక్కవాడు ఎక్కడికి వెళ్తున్నాడో ఒక్కసారి అడగండి.