ట్రెక్ బ్యాగు కొనేముందు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి



పోయిన డిసెంబరులో ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి తోటి పిల్లలతో అనంతగిరి కొండలకు ట్రెక్‌కు వెళ్లింది. ఒక్క రోజు ప్రయాణం. బ్యాగు నేనొక్కడినే వెళ్లి కొనుక్కొచ్చాను. ‘ఎదిగే పిల్ల, ఇంటర్ దాకా పనికొస్తుంది’ అని 50 లీటర్లది తెచ్చాను. బూట్లు, యూనిఫాం ఒక సైజు పెద్దవి కొనే అలవాటు మీకూ ఉండే ఉంటుంది.

బ్యాగులో చోటుంటే ఇంట్లో ఊరుకుంటామా? పులిహోర డబ్బా, జంతికలు, రెండు లీటర్ల నీళ్లు, స్వెట్టరు, తువ్వాలు, ఇంకో జత బట్టలు అన్నీ సర్దేశాం.

సాయంత్రం తిరిగొచ్చిన పిల్ల భుజాల మీద ఎర్రటి చారలు. నీళ్ల సీసా అడుగున ఉండిపోయిందట. తీయాలంటే అన్నీ బయట పెట్టాలి, ఈలోగా లైను ముందుకు వెళ్లిపోతుందని తాగనే లేదు. “కొండ ఎలా ఉందిరా?” అని అడిగితే, “చూడలేదు నాన్నా, కిందికి చూస్తూ నడిచాను. ఇంకోసారి వెళ్లను” అంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

మర్నాడు అవే సామాన్లు మళ్లీ సర్ది తూకం వేశాను. ఆరున్నర కిలోలు! మా అమ్మాయి బరువు 36 కిలోలు. స్కూలు బ్యాగు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. ఆ లెక్కన ఆమె మోయాల్సింది మూడున్నర కిలోలే.

ఆ తర్వాత నేను నేర్చుకున్నవి మీకూ చెబుతాను. ఒక రోజు ట్రెక్‌కు 15 నుంచి 20 లీటర్ల బ్యాగు చాలు. పుస్తకాలు తీసేస్తే స్కూలు బ్యాగైనా సరిపోవచ్చు. రాత్రి బస ఉండి పెద్దది కొనాల్సి వస్తే, పిల్లల వయసు కాదు, వీపు పొడవు చూడండి. తల వంచినప్పుడు మెడ కింద తగిలే ఎముక నుంచి నడుము ఎముక పైభాగం వరకు టేపుతో కొలవండి. నడుము బెల్టు పొట్ట మీద కాకుండా ఆ ఎముక మీద కూర్చోవాలి. అప్పుడే బరువు భుజాల మీది నుంచి నడుముకు దిగుతుంది. షాపులోనే రెండు నిండు సీసాలు బ్యాగులో వేసి, తగిలించి, మెట్లెక్కించి చూడండి. సర్దేటప్పుడు బరువైనవి వీపుకు దగ్గరగా, నీళ్లు పక్క జేబులో ఉండాలి. వాన భయముంటే బట్టలు ముందు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.

ఈసారి అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. నాలుగు బ్యాగులు తగిలించుకుని చూసి, 18 లీటర్లది తనే ఎంచుకుంది. సర్దుకున్నదీ తనే. స్వెట్టరు చాలంది, తువ్వాలు వద్దంది. వాళ్లమ్మ ఏదో అనబోయి ఊరుకుంది.

ఫిబ్రవరిలో ముగ్గురం మళ్లీ అనంతగిరి వెళ్లాం. ఈసారి మాకంటే ముందు నడిచింది. పైకెక్కాక వెనక్కి తిరిగి, “నాన్నా, మన మూసీ నది ఈ కొండల్లోనే పుడుతుందట, తెలుసా?” అంది.

50 లీటర్ల బ్యాగు ఇప్పుడు మా అటక మీద దుప్పట్లు మోస్తోంది.